నారాయణపక్షి రెండో కాలు

ఈ బరువు మోయడం ఇక నా వల్ల కావడం లేదు. ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో ఉంటాను. పొద్దున్నే పెద్దచెరువు కట్ట మీద కూర్చుని పక్షుల బొమ్మలు గీసుకోవడం, ఇంటికొచ్చి ఇనుప తీగ వంచి వాటిని నిలబెట్టడం నా పని. పక్కిల్లు సత్తెమ్మక్కది. వాళ్లకు ఒక బర్రె ఉండేది. ఆ పాలతోనే ఇల్లు నడిచేది.

ఆ రోజు పెద్ద కొంగలా ఉండే నారాయణపక్షిని చేస్తున్నాను. ఒక కాలు కుదిరింది. రెండో కాలి వేళ్లు ఎంత వంచినా కోడి వేళ్లలాగే వస్తున్నాయి. నాకు ముక్కు మీద కోపం. పాదం కత్తిరించి గోడ అవతలికి విసిరేశాను. సత్తెమ్మక్క కోసుకొచ్చిన పచ్చగడ్డి మోపు మీద పడింది. పడటం చూశాను. చూడలేదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకోబోయానో, కానీ చూశాను. తర్వాత తీద్దాంలే అనుకుని పనిలో పడి మరిచిపోయాను.

కొన్నాళ్లకు బర్రె మేత మానేసింది. చిక్కి చిక్కి చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే మేతతో పాటు కడుపులోకి పోయి గుండె దగ్గర గుచ్చుకున్న తీగ బయటపడింది. తుప్పు పట్టినా ఆ వేళ్లను గుర్తుపట్టాను. నా చేతి పని నాకు తెలియదా?

సత్తెమ్మక్క మొగుడు అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "గడ్డి జర చూసి వెయ్యరాదా? కండ్లు యాడవెట్టినవ్?"

ఆమె నా వైపు తిరిగింది.

"తమ్మీ, గిసొంటి తీగ నీ తాన ఉంటదా?"

"లేదక్కా. నాది సన్నది."

"అవ్, నేనే చూసుకోలే."

నమ్మింది. నిజం చెబితే ఏమయ్యేది? తిట్టేవాళ్లు, మహా అయితే రెండు తగిలించేవాళ్లు. దానికా భయపడ్డాను? కాదు. నా బొమ్మల గురించి నలుగురూ అప్పుడప్పుడే మంచిగా చెప్పుకుంటున్నారు. ఆ పేరు పోతుందని భయపడి, ఒక మనిషిని ఆమె సొంత ఇంట్లోనే దోషిగా నిలబెట్టాను.

ఆ పక్షికి రెండో కాలు మళ్లీ చేయడానికి చేతులు రాలేదు. ఒంటికాలి మీదే నిలబెట్టాను. ఇప్పుడది బొంగులూరులో ఒక ప్లాట్ల వెంచర్ గేటు దగ్గర ఉంది. అచ్చం చెరువులో పక్షిలాగే కాలు ముడుచుకుందని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే చచ్చిపోవాలనిపిస్తుంది.

సత్తెమ్మక్క ఇంకో బర్రెను తెచ్చుకుంది. ఇన్నేళ్లుగా గడ్డిని పోచ పోచా తడిమి గానీ వెయ్యదు. వేళ్లన్నీ కోసుకుపోయి ఉంటాయి. మొన్న కొత్త కోడలికి చెబుతుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. "మంచిగ చూసి వెయ్యి బిడ్డా. నాలెక్క చెయ్యకు. నా పాపానికి మూగజీవి పోయింది."

లేచి వాళ్ల వాకిలి దాకా వెళ్లాను. చెప్పకుండానే తిరిగొచ్చి ఇది రాస్తున్నాను.

ఆ తీగ నాది. ఆమె తప్పేం లేదు. ఈ రెండు మాటలు రాయగానే గుండె కొంచెం తేలికైంది. ఆమెది కాదు, నాది.