మరియానా రాసిన పేరు: బెల్‌ఫాస్ట్ నుంచి పోర్ట్‌రష్

ఉత్తర ఐర్లండ్ సముద్రం ఒడ్డున రాతి స్తంభాలు వరసగా నిలబడి ఉండే జెయింట్స్ కాజ్‌వే చూడాలని, బెల్‌ఫాస్ట్ వచ్చినప్పటి నుంచీ నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. మొన్న డ్యూటీ రోటాలో ఒక ఆదివారం ఖాళీ దొరికింది. ఆ మాట ప్రసూతి వార్డులో అంటుంటే సీనియర్ మిడ్‌వైఫ్ మరియానా విన్నారు. రొమేనియా ఆవిడ, వచ్చే నెల రిటైరవుతున్నారు. ఈ దేశంలో నేను చేసిన మొదటి కష్టమైన కాన్పులో నా పక్కన నిలబడ్డ మనిషి. "పోర్ట్‌రష్ మీదుగానే కదా వెళ్తావు, నేనూ రానా? అక్కడ ఒకామెను కలవాలి. ఒక్కదాన్నే వెళ్లే ధైర్యం లేదు," అన్నారు. సరేనన్నాను.

ఆదివారం రైళ్లు, బస్సులు రోజంతా ఎక్కడానికి ఒకే టికెట్ దొరుకుతుంది, పది పౌండ్ల చుట్టూ ఉంటుంది. తొమ్మిది దాటాక బయలుదేరితే గంటన్నరలో కోల్‌రేన్, అక్కడ రైలు మారితే ఇంకో పావుగంటలో పోర్ట్‌రష్. దారిలో పచ్చని పొలాలు బాగుంటాయంటారు. ఆ రోజు వానకు కిటికీ అద్దం తప్ప నాకేమీ కనపడలేదు.

ఆంట్రిమ్ స్టేషన్ దాటాక మరియానా ఎనభైల్లో, కమ్యూనిస్టు పాలనలోని రొమేనియా గురించి తనంతట తానే మొదలుపెట్టారు. "అంతా ఒక్కసారి రాలేదు. టీవీ రోజుకు రెండు గంటలన్నారు. తర్వాత కరెంటు కోత. చలికి ఇంట్లో కోట్లు వేసుకునే అన్నం తినేవాళ్లం. ఏ కాగితం ఎవరు కొట్టారో పట్టుకోవడానికి, టైప్‌రైటర్ ఉన్నవాళ్లు ఏటా పోలీసులకు దాని అక్షరాల నమూనా ఇచ్చి రావాలి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా, ఇంతే కదా, సర్దుకుందాం అనుకున్నాం."

దేశానికి ఇంకా పిల్లలు కావాలని ప్రభుత్వం గర్భస్రావాన్ని నేరం చేసింది. గర్భనిరోధక మాత్రలు దొరకనివ్వలేదు. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లను వరసలో నిలబెట్టి గర్భం ఉందేమో పరీక్ష చేయించేది. ఒక నూలు మిల్లులో డాక్టరు చూసి చెబుతుంటే రిజిస్టర్లో రాసిన ఇరవై నాలుగేళ్ల నర్సు మరియానా. పేరు ఎక్కాక నెలలు నిండినా బిడ్డ పుట్టకపోతే పోలీసులు వచ్చేవారు. ఎలెనా అనే కార్మికురాలి పేరు అలాగే ఎక్కింది. అప్పటికే ముగ్గురు పిల్లల తల్లి. బిడ్డను తీసేయించుకుంది. అందుకు సాయం చేసిన ఆమె అక్కను జైల్లో పెట్టారు.

బెల్‌ఫాస్ట్ చర్చిలో ఈమధ్య మరియానాకు ఎలెనా కూతురు పరిచయమైందట. మాటల్లో ఊరు, మిల్లు ఒకటేనని తేలింది. పోర్ట్‌రష్‌లో ఉన్న అమ్మ రమ్మంటోందని ఆ కూతురి నుంచి కబురు వచ్చింది.

ఇదంతా విన్నాక మరియానా చేతుల వైపు చూడలేకపోయాను. నేను నమ్మి పసిబిడ్డల్ని అందించిన చేతులవి.

స్టేషన్ నుంచి పావుగంట నడక. వెస్ట్ స్ట్రాండ్ బీచ్ వెనక చిన్న ఇల్లు. తలుపు తీసిన ఎలెనాకు డెబ్భై దాటి ఉంటాయి. కాఫీ ఇచ్చి కూర్చున్నారు. మరియానా రొమేనియన్‌లో ఏదో మొదలుపెట్టబోతే ఆపేశారు.

"ఈ సంగతి మన భాషలో వద్దు. ఇంగ్లీషులో చెప్పు."

"రిజిస్టర్ రాసింది నేనే. క్షమించమని అడగడానికి వచ్చాను. నేను రాయకపోతే ఇంకొకరు..."

"అది తెలుసు. ఒకటి చెప్పు. నా పేరు రాసేటప్పుడు నీకేమైనా అనిపించిందా?"

మరియానా కప్పు బల్ల మీద పెట్టారు. "లేదు. ఆ రోజు ముప్ఫై మంది ఉన్నారు. తొందరగా ఇంటికి పోవాలనుకున్నాను."

"అబద్ధం చెప్తావేమో అనుకున్నాను," అన్నారు ఎలెనా. "క్షమించాల్సింది మా అక్క. జైలు నుంచి వచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. ఆమె తరపున నేను ఏమీ ఇవ్వలేను. కాఫీ తాగి వెళ్లండి."

మేం కాఫీ మొత్తం తాగాం. వదిలేసి లేవడం ఎలాగో మాకిద్దరికీ తెలియలేదు.

బయటికొచ్చాక వెనక్కి వెళ్లిపోదామన్నాను. "నువ్వు రాళ్లు చూడాలి కదా, పద," అని మరియానా బస్‌స్టాప్ వైపు నడిచారు. పోర్ట్‌రష్ నుంచి కాజ్‌వేకు బస్సులో అరగంట. "ఈ పొగమంచులో ఏం కనపడుతుందమ్మా, ఇంకో రోజు రావాల్సింది," అన్నాడు డ్రైవరు. నిజమే. కిందికి దిగితే నల్లని తడి రాళ్లు నాలుగు వరసలు, ఆ వెనక సముద్రం చప్పుడు. మరియానా పైనే, బస్‌స్టాప్ దగ్గరే ఉండిపోయారు.

తిరుగు రైల్లో ఆవిడ కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోలేదు. మా ఆయన ఫోన్ చేశాడు.

"ఏమైనా తిన్నావా?"

"లేదు."

"కాజ్‌వే ఎట్లుంది?"

"ఏం కనపళ్లేదు. ఇంటికొచ్చి చెప్తా."

సోమవారం క్లినిక్‌లో మొదటి పేషెంటును ఆఖరి నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగాను. రోజుకు ఇరవైసార్లు అడిగే ప్రశ్నే. ఆమె తేదీ చెప్పింది. నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇది ఆమె మంచికే రాస్తున్నానని నాకు తెలుసు. ఆ నూలు మిల్లులో కూడా అడిగిన ప్రశ్న ఇదే అయి ఉంటుంది. రాసే మనిషి చెడ్డది కానక్కర్లేదని, తొందరలో ఉంటే చాలని నాకు ముందు తెలియదు. మరియానా ఆ రోజు మామూలుగానే డ్యూటీకి వచ్చారు. నేను మామూలుగానే పలకరించాను. ఇద్దరికీ కష్టమైంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. పోర్ట్‌రష్, కాజ్‌వే ఒక్క రోజులో హాయిగా చూసి రావచ్చు. కానీ ఎవరికైనా ఇలాంటి పనికి తోడు వెళ్తుంటే, ఆ రోజు చూడాల్సిన చోటేదీ పెట్టుకోకండి. తిరుగు రైలు టైము ఒక్కటి తెలుసుకుని వెళ్లండి, చాలు.