నీలిమరక పడిన తెల్లచీర

మొన్న నంద్యాలలో ఒక బట్టల దుకాణంలో, బాప్తిస్మానికి తెల్లచీర కావాలని తల్లీకూతుళ్లు అడిగారు. దుకాణదారు సన్నటి ఎర్రంచు చీర చూపించి, ఈ అంచు ఎవరు చూస్తారమ్మా అన్నాడు. తల్లి దాన్ని పక్కకు నెట్టింది. ఆ నెట్టడంలో నాకు మా జేజి కనిపించింది.

జేజి, అంటే మా నాయన తల్లి, ఆళ్లగడ్డలో ఉండేది. బాప్తిస్మం నాటి తెల్లచీరను తనను పూడ్చేనాడు కట్టాలని రేకుపెట్టెలో దాచుకుంది. చదువు రాదు గానీ ప్రసంగాల్లో విన్న బట్టలన్నీ ఆమెకు గుర్తే: ఆదాముకు దేవుడు తొడిగించిన తోలు చొక్కాయి, యోసేపు రంగుల అంగీ, గొర్రెపిల్ల రక్తంలో ఉతికి తెల్లబరుచుకున్న వస్త్రాలు. రక్తంలో ఉతికితే తెలుపెట్లా వస్తుందని మా అమ్మ అడిగితే, అది చాకిరేవు తెలుపు కాదులే అనేది. ఆమెను వణికించిన కథ మాత్రం ఒక్కటే. పెండ్లి వస్త్రం లేకుండా రాజు విందులో కూర్చున్నవాణ్ని, కాళ్లూ చేతులూ కట్టి బయటి చీకట్లోకి తోసేశారు.

ఏటా ఈస్టరు ముందు ఆ చీర ఉతికి ఆరేసేది. ఒక ఏడు, పాతబడి పచ్చగా మారిందని నీలిమందు ఎక్కువ వేసింది. అది సరిగా కరగక కొంగు మీద అరచేయంత మరక పడింది. ఎంత రుద్దినా పోలేదు. ఆ వేసవిలోనే మంచం పట్టింది. జ్వరం కన్నా మరక దిగులే ఎక్కువైంది. కొత్తది కొందామంటే, బాప్తిస్మంలో నీళ్లలో మునిగింది ఈ చీరతోనే గదా అని ఒప్పుకోలేదు.

నంద్యాల నుంచి పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశారు. తప్పిపోయిన కుమారుడు చింపిరి గుడ్డలతో వస్తే మంచి అంగీ తండ్రే తొడిగించాడు కదమ్మా అన్నారు. జేజి తల అడ్డంగా ఊపింది.

"వాడు నాయనింటికి పోయినాడు అయ్యా. నేను రాజు ముందరికి పోతాండా. ఏందీ మరక అంటే ఏం జెప్పల్ల?"

"ఆ నాయనా ఈ రాజూ ఒకరే గదమ్మా."

"అదే నా బయం."

ఆయన ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ప్రాణం పోయే ముందు జేజి అమ్మను పిలిచి, మరక లోపలికి మడవద్దు, పైకే పెట్టు అంది. ఆడ, రాజు ముందర దొరికిపోయేకన్నా ముందే చూపిస్తే మేలని ఆమె లెక్క. అమ్మ అట్లాగే కట్టింది. శవపెట్టె మూసేదాకా గుండెల మీద ఆ నీలమే కనిపించింది.

ఇప్పుడు నాది ఆమె వయసు. ఒకప్పుడు తెల్లచొక్కా అందుకుని తొడుక్కుంటూనే బయటపడేవాణ్ని. ఈ మధ్య ఎక్కడైనా మరక ఉందేమోనని దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ నిలబడితే, బయటికి పోవాల్సిన పొద్దు ఇంట్లోనే వాలిపోతోంది.