పొడి దగ్గా... కఫం దగ్గా?

మా చిన్నప్పుడు నాన్న బండి ఏమంటోందో ఆయనకు చెప్పే పని నాది...

నాన్న చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. ఏళ్ళ తరబడి ఆ యంత్రాల హోరులో నిలబడి చెవులు మందగించాయి. మనుషుల మాటలను పెదవులు చూసి పట్టుకునేవారు. బండికి పెదవులుండవు కదా... అందుకని పొద్దున్నే వాకిట్లో కిక్కు కొట్టి, నా వైపు చూసేవారు.

"ఏమంటోందే?"

"దగ్గుతోంది నాన్నా."

"పొడి దగ్గా, కఫం దగ్గా?"

తన గొంతు తనకు వినపడదు గనుక వీధంతా వినపడేలా అడిగేవారు. ఎదురింటి సుబ్బాయమ్మత్త కళ్ళాపి చల్లుతున్నదల్లా ఆగి, "ఏం మస్తానూ, బండికి జొరం కూడా ఉందా? మిరియాల కషాయం కాచియ్యనా?" అనేది. ఆమె నవ్వు చూసి నాన్న కూడా నవ్వేవారు.

ఆ తేడా నాకు నేర్పింది ఆయనే. చెవులు బాగున్న రోజుల్లో విన్న శబ్దాలన్నీ గుర్తుంచుకుని, నోటితో చేసి చూపించేవారు. గొంతు ఎండినట్టు టక్కుటక్కున ఆగితే పొడి దగ్గు... పెట్రోలు చాలడం లేదు. బొంగురుగా, నల్లపొగతో వస్తే కఫం దగ్గు... పెట్రోలు ఎక్కువవుతోంది.

ట్యాంకు కింద ఎడమ పక్కన ఒక చిన్న పెట్రోలు ట్యాపు ఉండేది. దారిలో బండి తడబడితే నాన్న ఆపేవారు కాదు. ఎడమ చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళి ట్యాపును రిజర్వులోకి, అంటే అడుగున మిగిలిన పెట్రోలు వైపుకు, తిప్పేది. బండి మళ్ళీ ఊపిరి తీసుకునేది! ముందు కూర్చున్న నేను, వెనకున్న తమ్ముడు చప్పట్లు కొట్టేవాళ్ళం. అందుకే కాబోలు, రిజర్వులో పడేదాకా పెట్రోలు కొట్టించకపోవడం ఆయనకు సరదాగా మొదలై అలవాటుగా స్థిరపడింది...

ఆ దగ్గులు విని పెరిగిన చెవులతోనే ఇప్పుడు బండ్లు బాగుచేస్తున్నాను. పంపుతో పెట్రోలు అందే ఇంజెక్షన్ బండ్లు నా ప్రత్యేక పని.

నాన్న మిల్లు మానేసి ఇప్పుడు మిరప చేను చూసుకుంటున్నారు. మొన్నటి ఎండల్లో ఆయన కొత్త ఇంజెక్షన్ బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. కాసేపు నీడన పెడితే మళ్ళీ కదిలేది. తమ్ముడు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఈయనకి హారన్ ఇనపడదక్కా! రోడ్డు మధ్యలో ఆగితే ఎనక లారీవాడు చూసుకోవద్దూ? ఇంక బండొద్దు. చేను కాడికి నేనే దింపుతా."

నాన్న ఆ పెదవులు చదివారు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నారు... అంతే.

"ఒక్కపూట తాళం ఇవ్వరా," అన్నాను.

తాళం తిప్పగానే, ఇంజను మొదలవకముందే, ట్యాంకు లోపలి పంపు కాసేపు 'జుమ్మ్' మనాలి. అలాగే అన్నది. బండి చల్లగా ఉన్నప్పుడు అన్నంత మాత్రాన పంపు బాగున్నట్టు కాదు. బ్యాటరీ, వైర్ల జాయింట్లు, ట్యాంకు మూతలో గాలి ఆడే రంధ్రం చూశాను. ఫిల్టరు మార్చాను. ఆ తరువాత పెట్రోలు పైపుకు ప్రెజర్ గేజి బిగించి, నాన్నను బండి మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నపు ఎండలో ఇంజను నడవనిచ్చాను. వేడెక్కే కొద్దీ ముల్లు మెల్లగా కిందికి జారింది. బండి ఆగింది. మళ్ళీ తాళం తిప్పితే ఆ 'జుమ్మ్' దోమ పాటలా సన్నబడింది.

అప్పుడు చూశాను... నాన్న ఎడమ చెయ్యి ట్యాంకు కిందికి వెళ్ళి వెతుకుతోంది. ఈ బండికి ఆ ట్యాపు లేదు.

మూత తీస్తే అడుగున కాస్తంత పెట్రోలు. ఈ పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది. అదొక్కటే కారణమని గట్టిగా అనలేను గానీ, కారణాల్లో అదీ ఒకటి. మమ్మల్ని మురిపించిన అలవాటే దీనికి సరిపడలేదు.

"ఏమంటోందే? పొడి దగ్గా, కఫం దగ్గా?"

ఎన్నేళ్ళకు అడిగారో...

"దగ్గు కాదు నాన్నా," పెదవులు స్పష్టంగా కదిపి చెప్పాను. "ఆయాసం."

పంపు మార్చాను. పెట్రోలు సగం ట్యాంకు కన్నా తగ్గనివ్వనని, హైవే ఎక్కకుండా చేల మధ్య డొంక దారిలోనే వెళ్తానని నాన్న ఒప్పుకున్నారు. తమ్ముడు గొణుక్కుంటూనే తాళం నాన్న చేతిలో పెట్టాడు. నాన్న అరచెయ్యి తీసి ట్యాంకు మీద ఆనించి, తాళం తిప్పమన్నాను. లోపలి 'జుమ్మ్' ఆ చేతికి తగిలింది. "ఊపిరి తీసుకుంటందే!" అని వీధంతా వినపడేలా అన్నారు.

ఇప్పటి బండ్లు చాలా జబ్బులు తామే తెర మీద చెప్పుకుంటున్నాయి. నాన్నకు కూడా ఇక ఆ అరచెయ్యే చెబుతుంది... నన్ను అడగనక్కర్లేదు. అయినా పొద్దున్నే ఎక్కడో ఎవరో కిక్కు కొడితే, ఆ ప్రశ్న కోసం ఆగిపోతాను.

మీ ఇంటి పాత బండి ఎలా దగ్గేది? రాయండి... నాన్నకు నోటితో చేసి చూపిస్తాను.