గాలం ఎవరిదో వాళ్ళే తియ్యాలి

మా రేవులో నా గొంతు వినపడని ఉదయం ఉండేది కాదు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళు టీచరుగా చేశాను. కరోనాలో స్కూలు మూతపడితే కొల్లేటి ఒడ్డునున్న పుట్టింటికి వచ్చేశాను. అప్పటికే నాన్నకి మోకాళ్ళు పట్టేసి దోనె ఎక్కలేకపోతున్నారు. ఆయన దోనె, ఆయన గాలాలు నా చేతికొచ్చాయి. ఏడాది తిరిగేసరికి నాన్న కన్నా నేనే ఎక్కువ చేపలు తెస్తున్నానని ఊళ్ళో అనడం మొదలుపెట్టారు. వాళ్ళు అనకపోయినా నేను అనుకునేదాన్నే.

మాది గాలాల తాడు. పొడవాటి నైలాను తాడుకి బారకొకటి చొప్పున జానెడు దారంతో గాలాలు వేలాడతాయి. ఎర గుచ్చి, రెండు కొసలకీ ఇటుకలు కట్టి, సాయంత్రం నీళ్ళలో వదులుతాం. తెల్లారాక వెళ్ళి ఎత్తుకుంటాం. తాడంతా అడుగునే ఉంటుంది కాబట్టి అక్కడుందని తెలియడానికి పైన ఒక గుర్తు తేలాలి. గుర్తు లేని తాడు వేసినవాడు మా ఊళ్ళో దొంగతో సమానం, ఆ మాటకొస్తే దొంగే నయం.

నీళ్ళ మీద మర్యాదలు ఎవరూ కాగితం మీద రాయలేదు. అయినా అందరికీ తెలుసు. ఒకరి తాడు మీద అడ్డంగా ఇంకొకరు వెయ్యకూడదు. దోనె తోసే మన గెడకి పరాయి తాడు తగులుకుంటే నిదానంగా విడిపించి, ఎలా ఉన్నది అలాగే నీళ్ళలోకి దించాలి. దాని మీద కొర్రమీను కొట్టుకుంటున్నా అది మన కూరకి కాదు. వీటన్నిటి కన్నా గట్టి పద్ధతి ఇంకొకటుంది. పక్క ఊళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. గాలం మనిషికి గుచ్చుకుంటే అది ఎవరిదో వాళ్ళే వచ్చి తియ్యాలి. అప్పటిదాకా ఇంకెవరూ ముట్టుకోరు. తన ఇనుము ఎదుటివాడి ఒంట్లో ఎలా దిగిందో వేసినవాడు దగ్గరుండి చూడాలన్నది పెద్దవాళ్ళ ఉద్దేశం.

నేను దిగేసరికి గుర్తుల సంగతి మరీ అన్యాయంగా ఉండేది. ఒకరు పాత చీర పీలిక కడితే ఒకరు జీలుగు బెండు కట్టేవారు. పీలిక కుళ్ళిపోయేది, బెండు గుర్రపుడెక్కలో కలిసిపోయేది. బడిలో నలభై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్ని, రేవులో ముప్ఫై దోనెల్ని దారిలో పెట్టలేనా అనుకున్నాను. ఇంటికో రంగు చొప్పున ఖాళీ కూల్‌డ్రింకు సీసాలకి పెయింటు వేయించి పంచాను. మాది ఎరుపు. రంగు సీసా లేకుండా బయల్దేరిన దోనెని వెనక్కి తిప్పించేదాన్ని. నోరు పెద్దది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

సీసా కట్టడంలో మాత్రం నాన్నకీ నాకూ పడేది కాదు. “బారెడు తాడు ఎక్కువ వదలమ్మా. నీళ్ళెప్పుడూ ఒక్క మట్టాన ఉండవు,” అనేవారు. తాడు వదులుగా ఉంటే సీసా గాలికి అటూ ఇటూ తిరిగి గుర్రపుడెక్కలో చిక్కుకుంటుంది. బిగించి కడితే ఉన్నచోటే నిటారుగా నిలబడుతుంది. నాకు నిటారుగా నిలబడేవే ఇష్టం. “సరేలే నాన్నా,” అని బిగించే కట్టేదాన్ని.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక ఆదివారం పొద్దున్నే నాన్న మందుల కోసం ఏలూరు వెళ్ళాను. ముందురోజు సాయంత్రం వేసిన తాడు తిరిగొచ్చాక ఎత్తుకోవచ్చులే అనుకున్నాను. తమ్మిలేరుకి వరదొచ్చిందని ఏలూరులో అందరూ చెప్పుకుంటుంటే విన్నాను కూడా. ఆ నీళ్ళు చివరికి మా ఒడ్డుకే వస్తాయని నాకు ఒకరు చెప్పాలా? తెలుసు. తెలిసినా తట్టలేదు.

పదిన్నరకి ఆటో దిగేసరికి రేవులో జనం మూగి ఉన్నారు. మధ్యలో మెట్టు మీద మా ఎదురింటి పిన్ని కూర్చుని ఉంది. చుట్టరికం ఏమీ లేదు గాని, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. గేదె కోసం తుంగ కోస్తూ నడుం లోతు నీళ్ళలో దిగిందట. తుంగ మోపుతో పాటు ఎవరిదో తాడు పైకొచ్చి గాలం కుడి అరచేతిలో దిగబడిందట. దారం కొడవలితో తెగ్గోసుకుని ఒడ్డుకి వచ్చింది. చుట్టుపక్కల ఎక్కడా సీసా లేదని చెబుతున్నారు.

ఆ చెయ్యి ఎలాంటిదో అక్కడున్న అందరికీ తెలుసు. పిన్ని ఉండి ఊరి వైపు రొయ్యలు ఒలిచే ఒక షెడ్డులో పనిచేస్తుంది. రోజూ గేటు దగ్గర రెండు చేతులూ చాపి చూపిస్తేనే లోపలికి రానిస్తారు. గోరు పక్కన చిన్న గాటు ఉన్నా వెనక్కి పంపేస్తారు. వారం రోజులు ఆవిడ ఒలిచే బల్ల ఖాళీగా ఉంటే అక్కడ ఇంకో మనిషిని నిలబెడతారు. బాబాయి మంచం పట్టాక ఆ ఇంటికి ఆ రెండు చేతులే ఆధారం.

నాకు ఒళ్ళు మండిపోయింది. మందుల సంచి ఇంకా చేతిలోనే ఉంది. “ఎవరండీ ఆ మహానుభావులు? రంగు సీసాలు ఇంటికి తెచ్చిచ్చాను. అది కట్టడానిక్కూడా చేతులు రాలేదా? ఒక ఆడమనిషి నోటి దగ్గర కూడు తీసేశారు. ముందుకి రండి, మొహం చూస్తాం!” అని మొదలుపెట్టాను. తరగతి గదిలో మాట్లాడినట్టే మాట్లాడాను. తుంగ దగ్గర అంటున్నారు. నా తాడూ తుంగ దగ్గరే ఉంది. కానీ నా తాడుకి ఎర్ర సీసా ఉంది. కాబట్టి ఇది నాది కాదు. నా తెలివి అక్కడితో ఆగిపోయింది.

నాన్న చేతికర్ర పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నారు. నా వైపు చూడలేదు, నీళ్ళ వైపే చూస్తున్నారు. రేవు మెట్లలో రోజూ కనిపించే చివరి రెండూ ఆ పూట కనిపించడం లేదు. నేను మాత్రం అరుస్తూనే ఉన్నాను.

పిన్ని చెయ్యి పైటకొంగు కింద ఉంది. “ఏదీ పిన్నీ, చూపించండి,” అన్నాను.

“వద్దులేమ్మా. డాక్టరు గారు తీసేస్తారు. నన్ను ఏలూరు పంపించండి చాలు,” అంది.

“అదేం కుదరదండీ. పద్ధతి పద్ధతే. వేసినవాళ్ళే తియ్యాలి,” అని కొంగు పక్కకి లాగాను.

బొటనవేలి మొదట్లో గాలం దిగబడి ఉంది. దాని వెనకాల వేలెడు దారం. నీలం దారం. ఊళ్ళో అందరూ తెల్ల దారం వాడితే ఏలూరు నుంచి ఏరి కోరి నీలం దారం తెచ్చుకునేది నేనొక్కదాన్నే. పిన్ని ఆ చేతిని నొప్పికి దాచుకోలేదు, నా కోసం దాచింది. రేవంతటి ముందూ నేను పలచనైపోకూడదని, ఇంత ఇనుము చేతిలో పెట్టుకుని, నా తిట్లన్నీ వింటూ కూర్చుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందంటారే, ఆ బల్లిని నేనే. నవ్వుతారని కాదు, ఆవిడ మొహం చూడలేక అప్పుడే నీళ్ళలోకి దిగిపోదామనిపించింది.

కొంగు మళ్ళీ కప్పెయ్యొచ్చు. పిన్ని కళ్ళతో అదే చెబుతోంది. నేను కప్పలేదు.

“నాదేనండీ,” అన్నాను. ఇందాక అరిచినంత గట్టిగానే అన్నాను. “బిగించి కట్టాను. నీళ్ళు పెరిగితే సీసా మునిగిపోయింది. తప్పు నాదే.”

ఎవరో కటింగ్ ప్లేయరు తెచ్చి చేతికిచ్చారు. గాలాన్ని వచ్చిన దారిన వెనక్కి లాగితే మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లు కండని చీరేస్తుంది. ముందుకే నెట్టాలి. మొన పైకి వచ్చాక ముల్లు కత్తిరించి, అప్పుడు వెనక్కి తియ్యాలి. చేపల నోళ్ళలోంచి ఎన్ని వేల గాలాలు తీశానో నాకే తెలియదు. ఆ ఒక్కటి తీసేసరికి నా జాకెట్టు తడిసిపోయింది. పిన్ని నా భుజం పట్టుకుని పళ్ళు బిగించింది గానీ అమ్మా అనలేదు. నన్ను దింపిన ఆటో అతను ఇంకా టీ తాగుతూ ఉన్నాడు. ఆ ఆటోలోనే ఏలూరు తీసుకెళ్ళి కట్టు కట్టించి, టీటీ ఇంజక్షన్ చేయించాను.

తిరిగొచ్చేటప్పుడు, “మీ చెయ్యి మానేదాకా మీ బల్ల దగ్గర నేను నిలబడతాను పిన్నీ,” అన్నాను. ఆవిడ ఎడమచేత్తో ఫోను తీసి సూపర్‌వైజరుకి చేసింది. “మా అమ్మాయిని పంపిస్తానండీ. చదువుకున్న పిల్ల, నేర్చుకుంటుంది,” అని చెప్పింది. మా అమ్మాయి అన్న ఆ మాటకి ఆటోలో కూర్చుని ఏడ్చేశాను.

షెడ్డులో నా చదువు ఎందుకూ పనికిరాలేదు. ఐసు నీళ్ళలో రొయ్య, చేతికి గ్లవుజు, పొద్దుటినుంచి నిలువుకాళ్ళు. పక్కావిడ మూడు ట్రేలు నింపితే నాది ఒకటి నిండేది. “మీ పిన్ని గారైతే మాటలు చెబుతూనే అయిదు నింపేస్తారండి,” అని ఆవిడ మర్యాదగానే దెప్పేది. నేను ఎదురు చెప్పలేదు. నా జీవితంలో అన్ని రోజులు నోరు మూసుకుని ఉన్నది అప్పుడే. సాయంత్రం ఇంటికొచ్చి పిన్ని చేతికి కట్టు మార్చేదాన్ని. ఆవిడ బొటనవేలు మెల్లగా వంచి చూపించేది. వంగినంత మేర చూసుకుని నిద్రపోయేదాన్ని.

మూడో వారంలో గాయం మూసుకుంది. బల్ల అప్పగించడానికి ఇద్దరం కలిసి షెడ్డు బస్సెక్కాం. గేటు దగ్గర చేతులు చూసే అమ్మాయి పిన్ని అరచేతిని వెలుగులోకి తిప్పి, మచ్చ మీద వేలితో నొక్కింది.

“నొప్పుందాండీ?”

“లేదండీ.”

“వెళ్ళండి,” అంది.

తర్వాత నేను చేతులు చాపాను. ముందురోజు రొయ్య కొమ్ము గ్లవుజులోంచి దిగి నా చూపుడువేలు చీరింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. “మీరు రాకూడదండీ, గాయం ఉంది.”

లోపలికి నాలుగడుగులు వేసిన పిన్ని వెనక్కి తిరిగింది. “ఏంటమ్మా, నిన్ను ఆపేశారా?”

“ఆపేశారు పిన్నీ!” అన్నాను, ఏదో పరీక్ష పాసైనట్టు. నన్ను ఎక్కడైనా ఎవరైనా ఆపితే ఊరుకునే మనిషిని కాను. ఆ పూట ఆ గేటు దగ్గర కలిగినంత సంతోషం నాకు ఇంకెక్కడా కలగలేదు. పిన్ని తన రెండు చేతులూ తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఊరికి వెళ్ళే ఆటోలు చాలానే వచ్చాయి. నేను ఏదీ ఎక్కలేదు. సాయంత్రం ఆవిడ బయటికి వచ్చేదాకా గేటు అరుగు మీదే కూర్చున్నాను.