కొండలమ్మ ఫోను ఎత్తదు

కొండలమ్మ నర్సీపట్నం మార్కెట్లో చేపలు అమ్ముతుంది. కత్తిపీట ముందు కూర్చుంటే ఎంత పెద్ద వంజరమైనా చిటికెలో ముక్కలైపోవాల్సిందే. అలాంటి మనిషి ఫోను మోగితే వణికిపోతుంది.

కిందటి వానాకాలంలో ఐసుపెట్టె కొనడానికి ఏదో లోన్ యాప్‌లో అప్పు తీసుకుంది. తీర్చేసింది కూడా. అయినా ఎవడో ఫోను చేసి, ఇంకా కట్టాలనీ, లేకపోతే ఆమె ఫొటోని పాడుగా మార్చి తెలిసినవాళ్లందరికీ పంపుతాననీ బెదిరించడం మానలేదు.

ఇప్పుడు ఆమెకున్నది డ్వాక్రా సంఘం అప్పు ఒక్కటే. వాయిదా దగ్గరపడినా, దాటినా బ్యాంకు నుంచి రికార్డు చేసిన గొంతు ఫోనులో గుర్తుచేస్తుంది. గుర్తుచేస్తే జనం కడతారనుకున్నారు బ్యాంకువాళ్లు. భయపడి దాక్కుంటారని వాళ్ల బుర్రకి తట్టలేదు. కొండలమ్మ ఫోనుని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. వాయిదా తేదీ దాటిపోయింది.

సంఘంలో ఒక పద్ధతుంది. ఒకరు కట్టకపోతే మిగతా ఆడవాళ్లంతా వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటారు. కట్టేదాకా లేవరు. వీధంతా చూస్తుంది.

ఆ పొద్దున సంఘం లీడరు తలుపులమ్మ ముందుగా ఒక్కతే వచ్చింది. ఫోన్లు బాగుచేస్తానని పక్కింట్లో ఉన్న నన్నూ పిలిచింది.

“ఏటే ఇది? ఫోను బియ్యంలో ఎట్టి అన్నం వొండుతావేటి?”

“నవ్వకప్పా. ఆడే సేత్తన్నాడు. నా ఫొటో అందరికీ పంపేత్తాడు.”

“ఆడు కాదే, బ్యాంకోళ్లు! డబ్బులున్నాయా?”

“ఉన్నాయి. రేపు సరుక్కని దాసుకున్నాను.”

“మజ్జాన్నంలోగా కట్టకపోతే అందరూ వచ్చి కూకుంటారు. నేనాపలేను.”

అంతలో ఫోను మోగింది. కొండలమ్మ గోడకి అతుక్కుపోయింది. నేను బియ్యంలోంచి తీసి, ఎత్తి స్పీకరులో పెట్టాను. బ్యాంకు గొంతే. “గౌరవనీయులైన ఖాతాదారులకు...” అంటూండగానే ఆమె చెవులు మూసుకుంది. తెలియని గొంతు ఏదైనా ఆమెకి వాడి గొంతే.

తలుపులమ్మ ఫోను లాక్కుంది. “ఒరే సోమేశూ, ఇందులో నా గొంతెట్టు. వాయిదాకి ముందు అలారంలాగ మోగాల.”

రికార్డు నొక్కాను.

“ఒసే కొండలా! నేనేనే, తలుపులమ్మని. సేపలమ్మిన డబ్బుల్లో ముందు వాయిదా తీసి పక్కనెట్టు. తర్వాతే సరుకు. ఇన్నావేటే?”

తెలియని నంబర్లు మోగకుండా చేసి, ఆ మాటలు వినిపించాను. కొండలమ్మ చెవుల మీంచి చేతులు తీసింది.

“ఇంకోపాలి ఎట్టు బాబూ.”

మళ్లీ పెట్టాను. అది పూర్తయ్యేలోపే కొంగు ముడి విప్పింది. డబ్బు తలుపులమ్మ చేతిలో కుక్కి, “బేగెల్లి కట్టీయప్పా” అంది.

మధ్యాహ్నం అరుగు మీదికి ఎవరూ రాలేదు. అయినా కొండలమ్మ వీధి తలుపు గడియ తియ్యలేదు. కిటికీలోంచి నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

“ఆడికి నా ఇల్లు తెలీదు కదేటి?”

తెలీదన్నాను. వాడికి ఏం తెలుసో నాకెలా తెలుస్తుంది?