రోలు కింది బోరు

మా సార్ మంగళవారం పొద్దున పోయారు. మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికే వెళ్తూ నేను బస్సులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న లేస్తలేడు" అంది. అర్థమై కూడా "మళ్ళీ లేపి చూడు" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

నన్ను రమ్మన్నది సారే. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "రేపు పొద్దుగాల జెర ఇంటికి రా అమ్మా. ఒక్కటి అడగాలె" అన్నారు. ఏమిటని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆయన భూగర్భజలాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ.ఎస్. రావు నగర్‌లో నేను జియాలజిస్టుగా ఉన్న చిన్న ఆఫీసుకు సలహాదారుగా వచ్చేవారు. నాకొచ్చిన పనంతా ఆయన నేర్పిందే. చొక్కా జేబులో ఎప్పుడూ గులకరాళ్ళుండేవి. పొలాల్లో ఎండిపోయిన బోరు కనబడితే చాలు, ఒక రాయి జారవిడిచి, ఒక చెవి పైపుకు ఆనించి, రెండోది అరచేత్తో మూసుకుని లెక్కపెట్టేవారు. చప్పుడు తొందరగా వస్తే బోరు పూడిపోయినట్టు, ఆలస్యమైతే అడుగుదాకా తెరిచే ఉన్నట్టు. ఆ రాళ్ళు వాషింగ్ మెషిన్లో గడగడలాడితే సార్ భార్య, మా ఆంటీ, వంటింట్లోంచే, "ఇంట్ల సుత బోర్లు కొడుతున్నవా ఏంది" అనేవారు. ఆయన వచ్చి రాళ్ళు ఏరుకునేవారు.

మా ఇద్దరి ఆఖరి పని ఒక ఇథనాల్ ప్లాంటుది. నూకలూ మొక్కజొన్నా పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లోకి వదలకుండా, లోతున రాతి పొరల్లోకి పంపి దాచాలని వాళ్ళ ఆలోచన. ముందుగా పరీక్ష బోర్లు వేయడానికి అనుమతి కావాలి. అందుకు చుట్టుపక్కల పాత బోర్లన్నిటి జాబితా ఇవ్వాలి. ఊళ్ళు తిరిగి రాయడం నా వంతు, సంతకం సార్ వంతు.

పాత బోర్ల కోసం ఇంత పరేషాన్ ఎందుకని మా ఆఫీసు ఓనర్ ఒకసారి విసుక్కున్నారు. సార్ నెమ్మదిగా చెప్పారు. "దోశ పిండిని పొంగిచ్చే గ్యాసే ఇది. కిందనే ఉంటే మంచిదే. కని వాసన రాదు, గాలికన్న బరువు, అదే తక్లీఫ్. ఏ పాత బోరుకెల్లన్న ఇంట్లకొస్తే, కింద పండుకున్నోళ్ళకే ముందుగాల ఊపిరాడదు. కాయిదం మీద లేని బోరుకు సుత నోరుంటది."

నాకు మొదటిరోజే నేర్పిన ఇంకో మాట ఉంది: "నడిచే బోరు సూపెడితే, చచ్చిన బోరు యాడుందో అడుగు." మన ఊళ్ళలో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషి వస్తాడు. కాయ నిలబడ్డ చోట బోరు వేస్తారు. నీళ్ళు పడకపోతే పదడుగుల అవతల ఇంకోటి. పడ్డదాన్ని అందరికీ చూపిస్తారు. పడనిదాని మీద బండ పెట్టి, ఆ ఊసే ఎత్తరు.

నేను అడిగాను. అడిగి, దొరికింది రాయలేదు.

ప్లాంటుకు దగ్గర ఊళ్ళో ఒకామె నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళి రోలు పక్కకు జరిపింది. దాని కింద బోరు. నీళ్ళు పడలేదని వదిలేసి, తర్వాత ఆ జాగాలోనే గది వేసుకున్నారు. మనవరాళ్ళిద్దరూ ఆ పక్కనే చాప మీద పడుకుంటారట. "రాయకు బిడ్డా. రాస్తె మిషినొస్తది, గోడ కూలగొడ్తరు. మళ్ళ కట్టే తాకత్ మాకు లేదు" అని నా చేతులు పట్టుకుంది. ఆ బోరును సిమెంటుతో మూయాలంటే రిగ్గు లోపలికి రావాల్సిందే, ఆమె భయం అబద్ధం కాదు. నేను తల ఊపి వచ్చేశాను. దయ చూపించాననుకున్నాను. సార్‌కు చెప్పలేదు.

ఆయన పోయిన మూడోరోజు ఆంటీ, సంతకం కోసం నేను సార్‌కు ఇచ్చిన జాబితా ఫైలు, ఆయన జేబులోని గులకరాళ్ళు నా చేతిలో పెట్టారు. సంతకం చోటు ఖాళీగా ఉంది. మ్యాపులో ఆ ఇంటి దగ్గర నడిచే బోరుకు నేను పెట్టిన ఒకే ఒక్క చుక్క పక్కన, పెన్సిల్‌తో రెండు మాటలున్నాయి: "చచ్చింది యాడ?" మా తప్పులన్నీ ఆయన పెన్సిల్‌తోనే గుర్తుపెట్టేవారు. దిద్దుకునే పని మాకు వదిలేసేవారు. నేను ఆంటీ ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కోసం ఏడుస్తున్నాననుకుని ఆమె నా వీపు నిమిరారు.

ఓనర్ చెడ్డమనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి. "సోమవారం పర్మిషన్ హియరింగ్. సార్ లేరు కాబట్టి నువ్వే సైన్ చెయ్యి. పెన్సిల్ గీతే కదా, రబ్బర్‌తోని పోతది" అన్నారు. రెండు రోజులు ఆ ఫైలు బ్యాగులో వేసుకుని తిరిగాను. రాస్తే ఆమె గోడ, రాయకపోతే ఆ పిల్లలు. ఏం చెయ్యాలో తెలియక సార్ నంబర్‌కు ఫోన్ కూడా చేశాను. అది ఆయన గదిలోనే మోగి ఉంటుంది.

ఆదివారం ఆ ఊరికి వెళ్ళాను. ఆ గ్యాసు సంగతి, బోరు రాయక తప్పదన్న సంగతి ఆమెకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు, నాతో కలిసి రోలు జరిపింది.

ఇది చదువుతున్న మీకు ఒకటి చెప్పాలి. జాబితాలో ఆ బోరు ఇప్పుడు ఉంది, కింద నా సంతకం ఉంది. గోడ కట్టించకుండా బోరు మూయకూడదని కూడా రాశాను. అది ఎవరైనా వింటారో లేదో తెలియదు. నా ఉద్యోగం ఉంటుందో లేదో కూడా తెలియదు. సార్ ఉంటే ఒక్క మాట అనేవారు, అది మంచో చెడో, నాకు చాలేది.

ఆ ఆదివారం నేల మీద పడుకుని, ఆంటీ ఇచ్చిన సార్ రాళ్ళలో ఒకటి బోరులో వదిలాను. ఒక చెవి పైపుకు ఆనించి, రెండోది అరచేత్తో మూసుకున్నాను. చాప మీద పిల్లలిద్దరూ ఆట ఆపి చూస్తున్నారు. "పూడిందా బిడ్డా?" అని ఆమె అడిగింది. నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.