అందించని బంతి

అమలాపురం కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్టు నడిపే అంజిబాబు, మెషీన్‌లో కాగితం పెడుతూనే తొంభై రెండు నాటి కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఎత్తుకునేవాడు. నల్లపొడి అంటిన చేతులు రెండూ గుండెల దగ్గరికి తెచ్చి, "ఆఖరి నిమిషంలో బాపిరాజుకి బంతి అందించింది నేనేనండి. ఆయన గాల్లోకి లేస్తే కాకినాడోళ్లు నోళ్లు తెరిచేరు," అనేవాడు. నిజానికి ఆ రోజు అతను గట్టున కూర్చుని ఆటగాళ్ల చెప్పులకు కాపలా కాశాడు. పన్నెండేళ్లుగా చెప్పీ చెప్పీ ఆ సంగతి తనే మరిచిపోయాడు.

ఓ మధ్యాహ్నం ఇద్దరు ప్లీడరు గుమాస్తాలకు అదే కథ చెబుతుండగా, వెనక నిలబడ్డ బట్టతల మనిషి పాస్‌పోర్టు చాపాడు. అందులో పేరు చూసి అంజిబాబు కథ మధ్యలోనే ఆపేశాడు. పక్కనుంచి తొంగిచూసిన గుమాస్తా, "బాపిరాజు గారాండీ? మీకు బంతి ఇచ్చింది ఈయనేనంట కదండీ," అన్నాడు. మస్కట్ ఎండకు కమిలిన ఆ మనిషి అంజిబాబు మొహంలోకి కాసేపు చూశాడు. "ఆయ్, ఈయనేనండి," అని, కాపీలు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అంజిబాబు తలెత్తకుండానే గుమాస్తాలతో, "ఆ బంతి ఇచ్చింది నేను కాదండి. నేనసలు ఆడలేదు," అన్నాడు.

"ఊరుకోండి. సాక్షాత్తూ ఆయనే చెప్పేరు కదండీ," అని నవ్వి, వాళ్లు అతని వినయాన్ని కోర్టంతా చాటారు.